వియన్నాకి నలభై నిమిషాలు

షాంటిలీ మోటెల్ వెనక పార్కింగ్ లాట్‌లో రహస్యాలు చేరవేసే కొరియర్‌ని ఎవరో కాల్చి చంపిన గంటకే ఏజెంట్ ఆమోసు హంతకురాలిని పట్టుకున్నాడు. 1983 మార్చి, ఉదయం. గదులు క్లీన్ చేసే మనిషి యూనిఫాంలో ఉందామె. విగ్గు లాగితే నవోమి. తన సీక్రెట్ ఏజెన్సీలోనే ట్రాన్స్‌లేటర్. ఆదివారం తామిద్దరూ వెళ్లే తెలుగు చర్చిలో ఆమె పాడుతుంటే ఎవరి కళ్లూ పాటల పుస్తకం మీద నిలిచేవి కావు.

ఆమె లిప్‌స్టిక్‌లో రేడియో ట్రాన్స్‌మిటర్ దొరికింది. కొరియర్ నోట రాబట్టిన రహస్యం అప్పటికే శత్రు ముఠాకి చేరిపోయింది: మిసైల్ సైంటిస్ట్ వెబర్ ఆ ముఠాకి చిక్కకుండా మారుపేరుతో ఇస్తాంబుల్ నుంచి వియన్నాకి విమానంలో పారిపోయి వస్తున్నాడు. ఆ విమానం ఇప్పుడు గాల్లో ఉంది.

ఏజెన్సీ చీఫ్ హారిస్ మోటెల్ గదిలోనే ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. అవతలి లైన్లో వియన్నా కంట్రోల్ టవర్.

ఎన్ని అడిగినా నోరు విప్పని నవోమి హఠాత్తుగా తలెత్తింది.

"ఆమోస్ గారూ, విమానంలో బాంబుంది. ఇంకో అరగంటే టైముంది. నూట పన్నెండు మందిని చంపుకుంటారా?"

హారిస్ ముఖం పాలిపోయింది. బాంబు సంగతి చెప్పి, విమానం ఎక్కడుందో టవర్‌ని అడిగాడు. బెల్‌గ్రేడ్ దాటి కొద్దిసేపే అయిందట. వియన్నాకి ఇంకా నలభై నిమిషాలు. దారిలో బుడాపెస్ట్ అయితే ఇరవై నిమిషాల్లో దిగొచ్చు. పైలట్ అటే తిప్పుతానంటున్నాడు.

ఇంతసేపూ బిగుసుకుపోయిన మనిషికి ఇప్పుడే ఎందుకు జాలి పుట్టింది? ఆమోసుకి అది మింగుడుపడలేదు. ఆ అరగంట కూడా వియన్నాకి చాలకుండా, బుడాపెస్ట్‌కి సరిగ్గా సరిపోయేలా ఉంది.

"చీఫ్, వెనక్కి తిప్పి బెల్‌గ్రేడ్‌లో దించమనండి. అదే ఇంకా దగ్గర," అన్నాడు.

నవోమి కుర్చీలోంచి సగం లేచింది. "బెల్‌గ్రేడ్ వద్దు. బుడాపెస్ట్‌కి పంపండి."

"ఎందుకని?"

ఆమె పెదవి కొరుక్కుంది.

"ప్రాణాలు కాపాడాలనుకునే దానివి, ఏ రన్‌వే అయితే నీకేం?" ఆమోసు గొంతులో మర్యాద పోయింది. "బుడాపెస్ట్‌లో మీవాళ్లు వెబర్ కోసం కాచుకుని ఉన్నారు. బాంబు లేదు. చీఫ్, తిన్నగా వియన్నాకి రమ్మనండి."

పైలట్ ఆఖరి మాట అడుగుతున్నాడని టవర్ తొందరపెట్టింది. హారిస్ ఆమోసు కళ్లలోకి ఒక్క క్షణం చూసి, వియన్నాకే రమ్మని చెప్పాడు.

"వాళ్లు చస్తే నీ ప్రార్థనలేవీ నిన్ను కాపాడవు," అంది నవోమి.

ఆమె చెప్పిన అరగంట గడిచింది. ఇంకో పది నిమిషాలూ గడిచాయి. ఆమోసు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చివరికి ఫోన్‌లో టవర్ గొంతు వినిపించింది. విమానం దిగింది. వెబర్ క్షేమం. నవోమి కళ్లు మూసుకుంది. గార్డులు వచ్చి ఆమెని తీసుకుపోయారు.

అంత ఖచ్చితంగా ఎలా చెప్పగలిగావని హారిస్ అడిగాడు. అసలు ఎంత నమ్మకంతో చెప్పావని కూడా అడిగాడు.

"నూటికి అరవై పాళ్లు, చీఫ్."

హారిస్ కాఫీ కప్పు పక్కన పెట్టాడు. "రిపోర్ట్‌లో ఆ అంకె రాయకు," అన్నాడు.