పదో పేరు

1981, మార్చి 11. మధ్యాహ్నం పన్నెండు గంటల ఇరవై నిమిషాలు.

ఆత్మకూరు పోలీస్ స్టేషన్ మెట్ల దగ్గర ఒక ముసలామె అన్నం గిన్నెను గుండెకు హత్తుకుని నిలబడింది.

"నా బిడ్డ కనపడలేదయ్యా."

ఎస్సై కరీముల్లా కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

ఆమె పేరు అలివేలమ్మ. కూతురు తిరుపాలమ్మకు ఇరవై రెండేళ్లు. జనార్దనయ్య వేరుశెనగ మిల్లులో కూలి. పొద్దున ఏడింటికి తల్లి చూస్తుండగానే మిల్లు గేటు దాటి లోపలికి వెళ్లింది. పన్నెండింటికి అలివేలమ్మ అన్నం తీసుకుపోతే మేస్త్రీ పోలేరయ్య గేటు దగ్గరే ఆపేశాడు.

"ఈ పొద్దు నీ కూతురు పనికే రాలేదు పో అన్నాడయ్యా. నేను చూసినాను గదా. నా కళ్లతో చూసినాను."

"ఇంట్లో ఏమైనా గొడవ పడిందా?"

"లేదయ్యా. పొద్దున నవ్వుతానే పోయింది."

కరీముల్లా టోపీ అందుకుని, ఆమెనూ ఇద్దరు కానిస్టేబుళ్లనూ వెంటబెట్టుకుని బయల్దేరాడు.

పన్నెండు నలభై ఐదు. మిల్లులో కాయలు ఒలిచే మిషన్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. గాలి నిండా పొట్టు. షెడ్డులో ఆడవాళ్లు చేటలతో చెరుగుతున్నారు. ఒక్కరూ తలెత్తలేదు. కరీముల్లా లెక్కపెట్టాడు. పన్నెండు మంది.

జనార్దనయ్య ఆఫీసు గదిలోంచి హాజరు రిజిస్టర్ పట్టుకుని ఎదురొచ్చాడు.

"చూసుకోండి ఎస్సై గారూ. తొమ్మిది పేర్లు. తిరుపాలమ్మ అనే మనిషే మా దగ్గర లేదు. పదిన్నరకు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ గారు కూడా వచ్చి చూసి, పదకొండింటికి వెళ్లారు. అన్నీ సక్రమం అన్నారు."

"షెడ్డులో పన్నెండు మంది ఉన్నారే?"

"ముగ్గురు ఊరికే తాలు కాయలు ఏరుకునేదానికి వచ్చినోళ్లండీ."

కరీముల్లా మేస్త్రీ వైపు తిరిగాడు.

"ఏందయ్యా పోలేరయ్యా, మీ దగ్గర లేని మనిషి ఈ పొద్దు పనికి రాలేదని వాళ్లమ్మతో ఎట్లా చెప్పినావు?"

పోలేరయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

కరీముల్లా షెడ్డులోకి వెళ్లాడు. చివర కూర్చున్నామె చేట ఆగిపోయింది. పేరు అడిగితే షరీఫున్నీసా అంది.

"తిరుపాలమ్మను చూసినావా?"

"లేదు సార్."

మేస్త్రీ నాలుగడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు. షరీఫున్నీసా తల వంచుకుని ఉర్దూలో గొణిగింది, తనను ఏమీ అడగొద్దని, ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారని. ఆమె పెదవులు తెల్లగా పాలిపోయాయి.

ఈ మనిషి పని పోతుందని మాత్రమే భయపడటం లేదు. ఏదో చూసింది.

"వెనక గోడౌన్ తెరవండి."

"అక్కడేముందండీ, బస్తాలు తప్ప."

"తెరవండి."

లోపల చీకటి. కరీముల్లా టార్చి వేశాడు. ఇరవై అడుగుల పొడవున బస్తాలు ఒకదానిమీద ఒకటి. ఎడమ గోడ వెంట నడిచాడు. కుడి గోడ దగ్గరకు వచ్చాడు. ఆగాడు. ఒక బస్తా మీద చెయ్యి పెట్టి, కుట్టు తడిమి చూశాడు.

"మిషన్ ఆపించండి."

"ఆపితే మళ్లీ స్టార్ట్ చేసేదానికి అరగంట..."

"ఆపు!"

శబ్దం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. కరీముల్లా బస్తాలకు చెవి ఆనించాడు. ఏమీ వినపడలేదు. ఆ నిశ్శబ్దం శబ్దం కంటే దారుణంగా ఉంది.

ఇద్దరు కానిస్టేబుళ్లు బస్తాలు లాగసాగారు. ముందు వరస తీసేసరికి వెనక కూలిపోయిన బస్తాల గుట్ట. వాటి సందులో గాజులు పగిలిన చెయ్యి ఒకటి.

అలివేలమ్మ అరవలేదు. గిన్నె కింద పెట్టి, పాకుతూ వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏళ్లు కదిలినాయయ్యా. నా బిడ్డ ఏళ్లు కదిలినాయి."

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. తిరుపాలమ్మ ఆసుపత్రిలో ఉంది. కాలు విరిగింది, ప్రాణానికి భయం లేదని డాక్టర్ కబురు పంపాడు. మిల్లు ఆవరణలో అందరినీ నిలబెట్టారు. బస్టాండులో నెల్లూరు బస్సు కోసం చూస్తున్న ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌ను కానిస్టేబుల్ వెనక్కి తీసుకొచ్చాడు.

"ఆ గోడౌన్ తలుపు ముందు నేను నిలబడ్డాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా. "మీకెలా తెలిసింది?"

"మా నాయన ఉదయగిరిలో హమాలీ. బస్తాలు పేర్చేటప్పుడు కుట్టిన మూతి ఎప్పుడూ లోపలి వైపుకే పెట్టేవాడు. దారం ఊడినా గింజ కారదు. ఇక్కడ అన్ని వరసలూ అట్లాగే ఉన్నాయి. కుడి గోడ ముందు వరసకు మాత్రం మూతులు బయటికి ఉన్నాయి. అది హమాలీలు పేర్చింది కాదు. చేతకాని వాళ్లు, కంగారులో పేర్చింది."

పోలేరయ్య ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"ఇన్‌స్పెక్టర్ గారు వస్తా ఉండేది చూసి నలుగురు ఆడోళ్లను లోపలికి తోసి గడియ పెట్టినాను సార్. పాత వరస కూలింది. తలుపు కొట్టినారంట, మిషన్ మోతలో నాకు ఇనపళ్లా. తెరిచేసరికి ఆ పిల్ల పలకలా. చచ్చిపోయిందనుకున్నా. అయ్య గారు ముందర బస్తాలు అడ్డం పెట్టించమన్నారు."

"అబద్ధం," అన్నాడు జనార్దనయ్య. "ఆమె కాయలు దొంగిలించడానికి దూరింది. నా దగ్గర పనిచేసేది తొమ్మిది మందే."

"కరెంటు మోటారుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ చట్టం వస్తుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పని గంటలు, సెలవులు, రక్షణ, అన్నీ ఇవ్వాలి. అందుకే తొమ్మిది. కానీ మేస్త్రీ రేపు మాట మార్చవచ్చు. పనిచేసేవాళ్లే తమ నోటితో చెప్పాలి."

ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. జనార్దనయ్య వాళ్ల ముఖాల్లోకి వరసగా చూశాడు.

"నోరు తెరిచినోళ్లు రేపటి నుంచి ఈ గేటు దాటే పన్లేదు."

షరీఫున్నీసా పైట భుజం మీదికి లాక్కుని ముందుకు వచ్చింది.

"నా పేరు రాయండి సార్. రెండేళ్లుగా ఈడే పని చేస్తా ఉండా. పొద్దున ఆ గోడౌన్‌లో నేనూ ఉన్నాను. ఆ బస్తాలు పేర్చినోళ్లలో నేనొకదాన్ని."

ఇన్‌స్పెక్టర్ తొమ్మిది పేర్ల కింద పదో పేరు రాశాడు. ఆమె కలం అందుకుని దాని పక్కన సంతకం పెట్టింది. వెనకనే మరో ఇద్దరు వచ్చారు.

షరీఫున్నీసా కలం తిరిగిచ్చి కరీముల్లా దగ్గరకు నడిచింది.

"ఇంటిదాకా ఎవరన్నా తోడొస్తారా భాయ్‌సాబ్?"

కరీముల్లా నిందితులను కానిస్టేబుళ్లకు అప్పగించి తానే బయల్దేరాడు. మూడు గంటల ఎండ. బజారు నిండా జనం. అయినా ఆమె ఇల్లు చేరేవరకు పది అడుగులకొకసారి వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.