గోడ మసకబారినా ఫరవాలేదు

"మీ యాప్‌లో మా అన్నయ్య ముఖం చక్కగా కనిపిస్తోంది. మాటే అర్థం కావట్లేదు," అంది ఆ అమ్మాయి, ఫోను అతని బల్ల మీద పెట్టి.

అది వీడియో కాల్స్ యాప్ తయారుచేసే ఆఫీసు. అతను అక్కడ ఇంజనీరు. ఆమె అదే భవనంలో, కింద కళ్ళద్దాల షాపులో కొత్తగా చేరింది.

ఆడియో సెట్టింగులు చూద్దామని అతను ఫోను అందుకోబోయాడు.

"ఆడియోతో పనిలేదండీ. అన్నయ్యకి పుట్టుకతోనే వినపడదు. మేం చేతులతో మాట్లాడుకుంటాం."

అతను నాలుక కరుచుకున్నాడు. అయినా తన పనిని వెనకేసుకొచ్చాడు. సిగ్నల్ ఎంత తక్కువున్నా బొమ్మ స్పష్టంగా ఉండాలని తానే అలా దిద్దాడట. కదలిక ఆగి ఆగి వచ్చినా, ముఖం అద్దంలో చూసినట్టుంటుందట. అందాకా మెసేజ్‌లు పెట్టుకోమని ఒక ఉచిత సలహా కూడా ఇచ్చాడు.

"మీరు ఇంట్లోవాళ్ళతో కాగితాల మీద రాసుకుని మాట్లాడతారా?" అందామె. "అన్నయ్య చెయ్యి ఎత్తడం కనిపిస్తుంది, దించడం కనిపిస్తుంది. మధ్యలో చెప్పిందంతా మీ యాప్ మింగేస్తోంది. ఫోటోనే కావాలనుకుంటే స్టూడియోకి వెళ్ళేదాన్ని కదా."

అన్నయ్య కొండ మీది ఊళ్ళో వడ్రంగి. అక్కడ సిగ్నల్ అంతంతమాత్రం. అమ్మానాన్నలు లేని ఆ ఇంట్లో అన్నకు చెల్లెలు, చెల్లెలికి అన్న, అంతే. ఈ నెలాఖరులోగా కాల్ బాగుపడకపోతే ఉద్యోగం మానేసి వెళ్ళిపోతానంది. బెదిరింపుగా కాదు, రేపు షాపు సెలవు అన్నంత మామూలుగా.

ఆ మామూలుతనానికే అతను, రోజూ వచ్చి సైగలు నేర్పితే కాల్ బాగుచేస్తానన్నాడు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనమవగానే ఆమె పైకి వచ్చేది. అతను కెమెరా ముందు కూర్చుని ఆమె నేర్పిన సైగలు చేసేవాడు. టెస్టింగ్ కోసమేనట. టెస్టింగ్‌కి 'వెన్నెల', 'రేపు కూడా వస్తావా' లాంటి మాటలెందుకో ఆమె అడగలేదు. అతని వెన్నెల మాత్రం దోమల్ని తోలుతున్నట్టుందని ఏడిపించేది.

ఒకరోజు ఆమె అన్నయ్యతో మాట్లాడుతుంటే పక్కనుంచి గమనించాడు. ఆమె చూపు అన్నయ్య ముఖమూ చేతులూ దాటి పోవడం లేదు. వెనక గోడనూ, చొక్కా గళ్ళనూ, వరసగా వేలాడే రంపాలనూ కూడా యాప్ అంతే శ్రద్ధగా మోసుకొస్తోంది. ఆ బరువు దించేస్తే?

గోడను మసకబారనిచ్చాడు. ఉన్న కాస్త సిగ్నల్‌నీ ముఖానికీ చేతులకీ పంచి, ఒక్క కదలికా వదలకుండా పంపేలా మార్చాడు.

నెలాఖరు రోజు జోరువాన. బల్ల మీద నిలబెట్టిన ఫోనులో అన్నయ్య వెనక గోడ లేదు, రంపాలు లేవు. అంతా పాలపొగ. చేతులు మాత్రం నీళ్ళు పారినట్టు కదులుతున్నాయి. చెల్లెలు నవ్వుతూ, మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ, ఊపిరి తిప్పుకోకుండా కబుర్లు చెప్పింది.

ఆఫీసు నిండా జనం. అతను ఆమెవైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు. 'వెళ్ళకు. నువ్వంటే నాకిష్టం.'

ఫోను తమవైపే చూస్తోందన్న సంగతి మరిచాడు. తెర మీద అన్నయ్య చేతులు ఆగిపోయాయి. కాసేపటికి నెమ్మదిగా కదిలాయి.

"ఏమంటున్నారు?" అని అడిగాడతను.

"ఒక్క ముక్క కూడా పోకుండా అందిందట. పిల్లవాడు మంచివాడిలాగే ఉన్నాడు, వేళ్ళే కాస్త మొద్దు అంటున్నాడు. జవాబు నన్నే చెప్పుకోమన్నాడు."

ఆమె ఫోనును బోర్లించింది. అతనికేసి తిరిగి చేతులతో గబగబా ఏదో చెప్పింది.

"మెల్లగా," అని బతిమాలాడతను.

ఆమె అతని చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. బిగుసుకున్న వేళ్ళను ఒక్కొక్కటే వదులుచేసి, తన జవాబును ఆ వేళ్ళతోనే చెప్పించింది.