వెనమా, పాయిజనా?

హనుమంతు మగ్గం ముందే చనిపోయి ఉన్నాడు. కాళ్లు మగ్గం గుంటలో. చేతిలో నేసే నాడె. కుడి పాదం మీద రెండు గాట్లు.

కళ్లు తెరిచే ఉన్నాయి. సగం నేసిన చీరను చూస్తున్నట్టే ఉన్నాడు. గద్వాల ఎస్సై సింధూజకు ఆ చూపు నచ్చలేదు.

"పామే మేడమ్," అన్నాడు అల్లుడు భరత్. బల్మూర్ రైతుబిడ్డ. ఈ నెలలోనే ఇల్లరికం వచ్చాడు. "మధ్యాహ్నం సంది నేస్తుండె. గుంటల కరిచింది. విషమెక్కి పోయిండు."

"నేస్తుంటే చూశావా?"

"కండ్లార చూసిన."

మూల కూర్చున్న కూతురు స్వరూప తల అడ్డంగా ఊపింది. కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లీష్ చెబుతుంది.

"వెనమ్ కాదు మేడమ్. పాయిజన్."

"రెండూ విషమే గదనే!" అన్నాడు భరత్.

"కాదు. వెనమ్ కోరలతోని రక్తంలకు ఎక్కుతది. పాయిజన్ నోట్లకెళ్లి పోతది. లాటిన్‌ల పాయిజన్ అంటే మొదట ఉత్త తాగేదే. వెనమ్ అంటేనేమో ప్రేమ మందు. రోజూ పిల్లలకు చెప్త." ఆమె తండ్రి ముఖం వైపు చూపించింది. "నాయిన నోరు పురుగుమందు వాసనొస్తుంది. కాలు జర గూడ వాయలే."

"ఆయనకు చివరిసారి తాగడానికి ఎవరిచ్చారు?"

"నేనే. మజ్జిగిచ్చి క్లాసుకు పోయిన."

సింధూజ ఆమె వైపు తిరిగింది. ఈ పిల్ల తన మెడకు తానే ఉచ్చు బిగించుకుంటోంది.

"పాము అని ఊరుకుంటే నీ మీదికి రాదు కదమ్మా?"

"ఊకుంటే నాయిన ఊకోడు మేడమ్. ఇందాకటి సంది చెవులల్ల మగ్గం చప్పుడే ఇనొస్తుంది."

సింధూజ చెవులు రిక్కించింది. వీధి వీధంతా నిశ్శబ్దం. ఇన్ని నేత ఇళ్లున్న చోట ఒక్క మగ్గమూ ఆడటం లేదు.

"ఇవాళ అమావాస్య కదా?"

స్వరూప గభాలున తలెత్తింది. ఏడుపులో ఆమెకూ ఆ మాట తట్టలేదు.

"అమాస నాడు మగ్గం ముట్టరు మేడమ్! నాయిన ఏనాడూ ముట్టలే!"

"అవును. ఈయన మగ్గం మీద కూర్చోలేదు. చనిపోయాక కూర్చోబెట్టారు. నాడె చేతిలో పెట్టి, కాలికి సూదితో గాట్లు పొడిచారు. ఈ వీధి ఆచారం తెలియనివాడు చేసిన పని." ఆమె భరత్ వైపు తిరిగింది. "కళ్లారా చూశానన్నావు."

భరత్ గోడకు జారగిలబడ్డాడు.

"అమాస సంగతి నాకు తెల్వదు... ఇల్లు అమ్మి మా పొలంల బోరేద్దామన్న. ఇననే ఇనలే. మజ్జిగల నేనే కలిపిన."

స్వరూప అతని వైపు చూడలేదు. తండ్రి మూతినే చూస్తోంది.

"చేదున్నదే బిడ్డా అన్నడు మేడమ్. తాగు నాయినా, ఎండకు మంచిదన్న. నా మాట కాదనలేక గిలాసంతా తాగిండు."