మోకరిస్తేనే కనిపించేది

పాస్టర్ మార్టిన్ సాలో, చర్చి రాతి నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. మెడ విరిగింది.

పైన, పన్నెండడుగుల ఎత్తున, గోడలో ఒక తలుపు తెరిచి ఉంది. అది దాటితే అడుగు పెట్టడానికి గాలి తప్ప ఏమీ లేదు.

ఒకప్పుడు అక్కడ చెక్క వసారా ఉండేది. దాని మీద సిలువ నిలబెట్టేవారు. నాలుగు వందల ఏళ్ల కిందట రాజుగారి మనుషులు వచ్చి నరికేశారు. గోడలోపలి మెట్లు మాత్రం మిగిలాయి. ఎక్కడికీ చేర్చని మెట్లు.

1986 నవంబర్ 8, శనివారం. డాక్టర్ అంచనా ప్రకారం ప్రాణం పోయింది ఉదయం 7:45కీ 8:15కీ మధ్య. పూలు సర్దడానికి వచ్చినావిడ 9:10కి చూసి కేక పెట్టింది. ఇన్‌స్పెక్టర్ ఆస్టిన్ క్వెయిల్ వచ్చేసరికి 11:40.

అప్పటికే మార్ల్‌స్టన్ ఊరు తీర్పు చెప్పేసింది.

"చేసింది గూడెరమే సర్," అంది సార్జెంట్ పాస్క్. "గోరీలు తవ్వేదీ గంట కొట్టేదీ అతనే. స్టేషన్లో కూర్చోబెట్టాం. క్రిస్మస్ తర్వాత పనిలోకి రావద్దని పాస్టర్ మొన్నే చెప్పాడట. ఇకనుంచి మెషీన్‌తో తవ్విస్తారట. పైగా 8:05కి అతన్ని మెట్ల దగ్గర చూసిన సాక్షి ఉన్నాడు."

"ఎవరు?"

"మేజర్ థర్కెటిల్. ముప్ఫై ఏళ్లుగా చర్చి వార్డెన్, ఆలనాపాలనా ఆయనదే."

మేజర్ చర్చిలోనే ఉత్తరం వైపు గదిలో ఉన్నాడు. చెక్కడపు చెక్క అడ్డుగోడ వెనక అది థర్కెటిల్ వంశం గది. సమాధి మీద రాతి వీరుడొకడు ముక్కు విరిగి, కాళ్ల దగ్గర రాతి కుక్కతో పడుకుని ఉన్నాడు. మేజర్ ఆ కుక్క తల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"మెట్ల మొదట్లో ఉన్న తలుపుకి తాళం చెవులెన్ని?"

"రెండు. ఒకటి నాది. ఒకటి ఆ గూడెరమ్‌ది."

"8:05కి మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. ప్రార్థనలో."

"గూడెరమ్‌ని ఎలా చూశారు?"

మేజర్ చేతికర్రతో గోడ అడుగున చూపించాడు. మందపాటి గోడలో ఏటవాలుగా తొలిచిన కంత. "దీంట్లోంచి. పూర్వం కుష్ఠురోగులు ఇక్కణ్ణుంచే చర్చంతా చూసేవాళ్లు. లండన్ నుంచి వచ్చినవాళ్లకి కూడా చూపిస్తుంటాను. వాడు మెట్ల తలుపులోంచి బయటికొచ్చాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు."

"కుష్ఠురోగుల్ని చర్చిలోకి రానిచ్చేవాళ్లు కాదుగా. ఈ గదిలోకి ఎలా వచ్చారు?"

"మా తాత చెప్పాడు," అన్నాడు మేజర్. ఆ విషయం అక్కడితో ముగిసినట్టు.

కంత కింద మోకాళ్ల దిండు ఉంది. థర్కెటిల్ చిహ్నం కుట్టిన దిండు. క్వెయిల్ దాన్ని చూశాడు.

మధ్యాహ్నం 2:15. స్టేషన్.

"పొద్దున ఎనిమిదికి ఏం చేస్తున్నావు?"

"గోరీల మీద ఆకులు ఊడుస్తున్నా సార్."

"ఎవరైనా చూశారా?"

"నన్నెవరు చూస్తారు సార్? చచ్చినప్పుడే గుర్తొస్తా." గూడెరమ్‌కి అరవై ఎనిమిదేళ్లు. గోళ్లలో మట్టి. "నన్ను లోపలేస్తే మా ఆవిడకి మందులెవరు వేస్తారు సార్? పక్కింటివాళ్లు ఇప్పటికే తలుపులేసుకున్నారట."

"పాస్టర్‌కి ఇంకెవరితోనైనా గొడవ ఉందా?"

గూడెరమ్ గోటిలో మట్టి గిల్లుకున్నాడు.

"థర్కెటిల్ వాళ్ల గదిలో కక్కూసు కట్టిస్తానన్నాడు సార్. ముసలమ్మలు పొదలెనక్కి పోలేక ప్రార్థనకే మానేస్తున్నారని. టీ పెట్టుకోడానికి సింకు కూడా."

"మేజర్ ఏమన్నాడు?"

"ఏమీ అన్లేదు. నాకు భయమేసింది అందుకే."

3:20కి క్వెయిల్ ఒంటరిగా చర్చికి తిరిగొచ్చాడు. దిండు పక్కకి జరిపి, చల్లటి రాతి మీద మోకరించి, కంతకి కన్ను ఆనించాడు.

చాలాసేపటికి లేచి, దిండుని మళ్లీ దాని చోట పెట్టాడు.

చర్చంతా కనిపిస్తుందన్న మేజర్ మాట అబద్ధం కూడా కాదనిపించింది. ఒకే మాట ఏళ్ల తరబడి చెబితే, అది చూసినట్టే ఉంటుంది. క్వెయిల్‌కి ఆ జబ్బు తెలుసు. తండ్రి పోయేటప్పుడు చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నానని పదకొండేళ్లుగా అందరికీ చెబుతున్నాడు. ఆ చేతి చల్లదనం కూడా అతనికి గుర్తుంది. నిజానికి ఆ రోజు అతను నార్విచ్‌లో వేరే కేసు మీద ఉన్నాడు.

4:00. వంశం గదిలో నలుగురు. క్వెయిల్, పాస్క్, మేజర్, గూడెరమ్.

"మేజర్, పొద్దున ఎలా చూశారో ఒకసారి చూపించండి."

"వాడి ముందా?"

"అతని ముందే."

"నాకు మోకాళ్ల నొప్పి."

"పొద్దున లేదుగా?"

మేజర్ కర్ర మీద బరువు మోపి, ఒక్కొక్క కాలే వంచి, దిండు మీదికి దిగాడు. కంతలోకి చూశాడు. వీపు బిగుసుకుపోయింది.

"ఏం కనిపిస్తోంది?"

మేజర్ తల అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మేజర్?"

"బలిపీఠం."

"ఇంకా?"

"కొవ్వొత్తి."

"మెట్ల తలుపు?"

మేజర్ కంతకి రెండో కన్ను ఆనించాడు.

"కనిపించదు," అన్నాడు క్వెయిల్. "ఈ కంత బలిపీఠం వైపే వాలి ఉంది. పూర్వం ఇక్కడ పూజ చేసే గురువుకి, బలిపీఠం దగ్గర పెద్ద గురువు రొట్టె పైకెత్తే క్షణం కనిపించాలి. అందుకే తొలిచారు. మెట్లు జనం కూర్చునే హాల్లో, దక్షిణం వైపు గోడలో ఉన్నాయి. ఇక్కణ్ణుంచి మెడ తెంచుకున్నా కనిపించవు."

పాస్క్ నోట్‌బుక్‌లో రాయడం ఆపేసింది.

"ముప్ఫై ఏళ్లు అందరికీ చెప్పారు. ఒక్కసారీ వంగి చూడలేదు. ఆ దిండు మీ ఆవిడ కుట్టిందేనా? అంచున 1958 అని ఉంది. ఇప్పుడు మీరు దిగేదాకా పొయ్యి మీంచి దింపిన రొట్టెలా ఉబ్బే ఉంది. ఇక్కడ ఎవరూ, ఎప్పుడూ మోకరించలేదు. తాళం చెవులు రెండే. చూడనిది చూశానని గూడెరమ్‌ని ఇరికించారు. ఎందుకు?"

మేజర్ వెనక్కి తిరగలేదు. కంతతోనే మాట్లాడాడు.

"పాస్టర్ నన్ను పైకి రమ్మన్నాడు. అక్కణ్ణుంచి చూస్తే కక్కూసు పైపు ఎటు పోవాలో బాగా తెలుస్తుందట. ఈ నేల కింద పడుకున్న మా తాత తల మీదుగా, ఇన్‌స్పెక్టర్. నవ్వుతూ వేలు పెట్టి చూపించాడు."

ఆ తర్వాత లేవబోయాడు. లేవలేకపోయాడు.

చెయ్యి అందించింది గూడెరమ్. మేజర్ ఆ చెయ్యి పట్టుకుని లేచాడు. అతని మొహం వైపు మాత్రం చూడలేదు.

గురువారం ఉదయం పాస్టర్ ఖననం. క్వెయిల్ వెళ్లేసరికి గూడెరమ్ నడుము లోతు గోతిలో ఉన్నాడు. దారిలో అతని ఇల్లు కనిపించింది. ఎవరో రాయి విసిరిన కిటికీకి అద్దం స్థానంలో అట్టముక్క.

"ఎవరైనా క్షమించమని అడిగారా?"

"కొట్లో ఆవిడ రెండు గుడ్లు ఎక్కువేసింది సార్."

"పని?"

"పాస్టర్ మాట పాస్టర్‌తో పోలేదు. క్రిస్మస్‌తో సరి."

తల వైపు పాతిన గుర్తు కర్ర గోతికి తూర్పు కొసన ఉంది. చుట్టూ ఉన్న గోరీల రాళ్లన్నీ పడమటి కొసనే ఉన్నాయి.

"తిరగేసి తవ్వావేం?"

"పాస్టర్లకి ఇంతే సార్. మనందరం తూర్పుకి కాళ్లు పెట్టి పడుకుంటాం. ఆఖరి రోజున లేచి సూర్యుణ్ణి చూస్తాం. పాస్టర్ పడమటికి, మావైపు తిరిగి లేవాలి. ఆయన తన మందని, అంటే ఊరిని, చూడాలి కదా."

గూడెరమ్ పార నేలకి గుచ్చి, గేటు దగ్గర నల్లబట్టల్లో గుమిగూడుతున్న ఊరి వైపు చూశాడు.

"పాపం," అన్నాడు. "లేచేసరికి ఎదురుగా మేమే ఉంటాం."