ఆర్గాన్ గుంట

ఎమ్మెట్ హార్లాకర్‌ను చంపడానికి తుపాకీ అక్కర్లేకపోయింది, కత్తీ అక్కర్లేకపోయింది. ఒక్క కుళాయి తిప్పితే సరిపోయింది.

అమెరికాలో డేటన్ ఊరికి ఉత్తరాన, తొమ్మిదిమంది పనిచేసే చిన్న కంపెనీ అతనిది. వాయుసేన ఇచ్చిన పరిశోధన గ్రాంటుతో ఓ పింగాణీ పలక తయారుచేస్తున్నాడు. క్షిపణి ముక్కుకి తొడిగితే ఎంత వేడికైనా కరగదట. వేలమంది ఉద్యోగులున్న కంపెనీలు చేతులెత్తేసిన పని అది. పలకల్ని కాల్చే కొలిమి ఏడడుగుల సిమెంటు గుంటలో ఉండేది. కొలిమిలోకి గాలి చొరబడకుండా ఆర్గాన్ వాయువు పంపేవాళ్ళు. దానికి రంగుండదు, వాసనుండదు, గాలి కంటే బరువు. గుంటలోకి వదిలితే అడుగున నీళ్ళలా చేరుతుంది. అందులో దిగినవాడికి దగ్గు రాదు, గొంతు పట్టెయ్యదు. రెండు మూడు ఊపిరులు తీస్తాడు, అంతే.

ఆగస్టులో ఓ ఉదయం ఎమ్మెట్ అలాగే పోయాడు. ఆక్సిజన్ తగ్గితే మోగాల్సిన అలారం మూతికి నల్లటేపు అంటించి ఉంది. దాని పక్కనే ‘తనిఖీ అయింది, సరిగా ఉంది’ అని స్టిక్కర్ కూడా ఉంది.

పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. వాషింగ్టన్‌లో మిలిటరీ గూఢచారి శాఖ చూసే కల్నల్ హాస్కెల్ మాత్రం ఒప్పుకోలేదు. తన ఏజెంట్ కార్టర్ ప్రూయిట్‌ని పిలిపించి నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. ఒక విదేశీ ముఠా ఎమ్మెట్ కంప్యూటర్‌లోని ఫార్ములా ఎత్తుకుపోయింది. కానీ ఆ కాగితాలతో పలక తయారవదు. కొలిమి ఎప్పుడు ఆపాలో, లోపలి వెలుగు రంగు చూసి చెప్పగలిగేవాడు ఇప్పుడు ఒక్కడే మిగిలాడు, టెక్నీషియన్ గేజా తాకాచ్. అరవై ఎనిమిదేళ్ళ హంగేరియన్. ముఠా అతన్ని కొనాలని చూసింది, లొంగలేదు.

"తమకి దక్కంది మనకీ దక్కనివ్వరు" అన్నాడు హాస్కెల్. "ఆ ముసలాయన ప్రాణం నీ చేతుల్లో ఉంది. ఎమ్మెట్‌ని పోగొట్టుకున్నట్టు ఇతన్నీ పోగొట్టుకోకు."

ప్రూయిట్ తల దించుకున్నాడు. అలారం పక్కన స్టిక్కర్ వేసింది అతనేనని హాస్కెల్‌కి తెలియదు. హాస్కెల్ పంపితేనే, జూలై నుంచి ప్రూయిట్ ఆ కంపెనీలో మారువేషంలో తిరుగుతున్నాడు. పేరు లోవెల్, పని మీటర్ల తనిఖీ. మిలిటరీ పనిచేసే ఏ చిన్న కంపెనీకైనా ఆడిట్‌కి ముందు అలాంటివాడు వచ్చి, ప్రతి గేజ్‌కీ స్టిక్కర్ వేసిపోతాడు. వాడి మొహం ఎవరికీ గుర్తుండదు. గూఢచారికి అంతకంటే ఏం కావాలి? అలారం మీది టేపు అతను చూశాడు. ఊరికే కూస్తోందనీ, ఆడిట్ కాగానే కొత్తది తెప్పిస్తామనీ ఎమ్మెట్ బతిమాలాడు. గొడవపడితే వేషం బయటపడుతుందని ప్రూయిట్ స్టిక్కర్ వేసేశాడు. ఆరో రోజుకి ఎమ్మెట్ లేడు.

అప్పట్నుంచి ప్రూయిట్‌కి కంటిమీద కునుకు లేదు. కొలిమి షెడ్డులో అడుగుపెడితే చాలు, వెనకాల ఎమ్మెట్ నిలబడి ఉన్నట్టే ఉండేది. గొంతు సవరించుకుంటున్నట్టు, ఏదో అడగబోతున్నట్టు. వెనక్కి తిరిగితే ఎవరూ ఉండరు. గూఢచారులకి దయ్యాలంటే నమ్మకం ఉండకూడదు. అతనికి ఉంది, ఏం చెయ్యమంటారు?

నవంబర్ రెండు, మధ్యాహ్నం. హంగేరియన్లు తమవాళ్ళ సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించే రోజు. ప్రూయిట్ టూల్‌బాక్సు అడుగున దాచిన ఫోన్ మోగింది.

"మీ గేజ్ రెండు పాయింట్లు తక్కువ చూపిస్తోంది" అంది ఆడగొంతు.

"పాత గేజ్, తప్పదు" అన్నాడు ప్రూయిట్.

కోడ్ సరిపోయింది. ఆమె రెనాటా స్లోన్. పైకి చూస్తే చిన్న కంపెనీల్లో పెట్టుబడులు పెట్టే మనిషి. ఆకుపచ్చ తోలు గ్లవ్స్, నడిచొస్తే షెడ్డంతా పని ఆపేసి చూసే అందం. ముఠాలో ఉంటూ హాస్కెల్‌కి కబుర్లు మోసేది. అయిదు గంటలకి శ్మశానం దగ్గర గేజాని ఎత్తుకుపోతారని, మనుషులందర్నీ ముందే అక్కడ దాచమని చెప్పింది. ప్రూయిట్ తన కింద పనిచేసే ఆరుగురినీ అక్కడికి తోలేశాడు. తను మాత్రం వెళ్ళలేకపోయాడు. ఎందుకో ముసలాయన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలనిపించింది.

షెడ్డులో అందరూ భోజనాలకి వెళ్ళారు. గేజా ఒక్కడే కొలిమి దగ్గరున్నాడు. శ్మశానానికి ఎప్పుడు బయల్దేరతారని ప్రూయిట్ అడిగితే, ముసలాయన అతన్ని వింతగా చూశాడు. కొలిమి రాజేసినవాడు అది చల్లారేదాకా కదలకూడదు. ఎమ్మెట్ పెట్టిన నియమం అది. పెళ్ళానికి కాన్పు వచ్చినా ఎమ్మెట్ కదల్లేదట. అందుకే ఈసారి కొవ్వొత్తి ఇక్కడే వెలిగించాను, వాడు పోయిన చోటే, అన్నాడు. గుంట అడుగున ఎర్ర గాజుగ్లాసులో చిన్న జ్వాల నిలబడి ఉంది.

ప్రూయిట్‌కి ఎక్కడో లెక్క తప్పినట్టు అనిపించింది. గేజా ఈ రోజు శ్మశానానికి వెళ్ళడని ఈ షెడ్డులో అందరికీ తెలుసు. పొద్దుట ఇక్కడికొచ్చి ఆయనతో కాఫీ తాగిన రెనాటాకీ తెలిసే ఉండాలి. మరి శ్మశానమని ఎందుకు చెప్పింది?

గేజా నిచ్చెన దిగి, గుంటలో సగంలో ఉన్న కొలిమి కిటికీలోంచి రంగు చూసుకున్నాడు. అప్పుడు కొవ్వొత్తి ఆరిపోయింది. గాలి లేదు. తలుపులన్నీ మూసే ఉన్నాయి. జ్వాల వణకను కూడా వణకలేదు, ఎవరో రెండు వేళ్ళతో నలిపేసినట్టు పోయింది.

గేజా అడుగుదాకా దిగి అగ్గిపుల్ల గీశాడు. కిందికి వంచేసరికి అదీ ఆరిపోయింది. ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎమ్మెట్‌కి నా మీద కోపం తగ్గలేదబ్బాయ్" అన్నాడు పైకి చూడకుండానే. "నా దీపం ఉండనివ్వట్లేదు."

ఇంకో పుల్ల గీద్దామని మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

అలారం వైపు చూశాడు ప్రూయిట్. కొత్తది, టేపు లేదు. కానీ దాని పచ్చదీపం వెలగట్లేదు. గోడవతల ఎవరో వైరు కోసేసి ఉండాలి.

గుండెల నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి దూకాడు. గేజా అప్పటికే ఒక పక్కకి ఒరిగిపోతున్నాడు. చంకల కింద చేతులేసి నిచ్చెన మీదికి లాగాడు. మూడో మెట్టు దగ్గర ముసలాయన బరువంతా మీద పడింది. ఛాతీ మండిపోతోంది. నోరు తెరిచావో ఇద్దరూ పోతారు, అని ఎవరో చెవిలో అన్నట్టే అనిపించింది. తెరవలేదు. గుంట అంచు మీదికి ఆయన్ని దొర్లించి, తనూ పడి, అప్పుడు పీల్చాడు. గేజా ఛాతీ కదల్లేదు. నోట్లో నోరుపెట్టి ఒకసారి ఊదాడు, రెండుసార్లు, నాలుగుసార్లు. అయిదోసారికి ముసలాయన దగ్గాడు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, ప్రూయిట్ వెనకతలుపు తీశాడు. ఆర్గాన్ ట్యాంకు దగ్గర రెనాటా నిలబడి ఉంది.

"కట్టేద్దామని వచ్చాను" అంది తొణక్కుండా. "లీకవుతోంది."

ప్రూయిట్ ఆమె చెయ్యి చూశాడు. ద్రవ ఆర్గాన్ పారే కుళాయికి క్షణాల్లో మంచు కడుతుంది. దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడితే తప్ప, ఆకుపచ్చ గ్లవ్ వేళ్ళ చివరిదాకా అలా తెల్లబడదు. అతను తుపాకీ తీసి, ముందు కుళాయి కట్టేయించి, తర్వాత ఆమె చేతులకి బేడీలు వేశాడు.

"ఎమ్మెట్‌ని చంపింది నేనొక్కదాన్నేనా?" అంది రెనాటా. "కుళాయి నేను తిప్పాను. స్టిక్కర్ వేసింది ఎవరు, లోవెల్?"

ప్రూయిట్ ఆమెని ట్యాంకు దగ్గర్నుంచి పక్కకి లాగి, శ్మశానం దగ్గరున్న తన మనుషులకి ఫోన్ చేశాడు.

వాళ్ళొచ్చి ఆమెని తీసుకుపోయాక అతను గేజా పక్కన నేల మీద కూలబడ్డాడు. తన పేరు లోవెల్ కాదన్నాడు. ఎవరు పంపారో చెప్పాడు. టేపు చూసి కూడా స్టిక్కర్ వేసింది తనేనని, ఎమ్మెట్ చావుకి తనే కారణమని చెప్పేశాడు. తిట్టినా, కొట్టినా పడదామని కళ్ళు మూసుకున్నాడు.

ముసలాయన అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు.

"టేపు వేసింది నేను" అన్నాడు. "ఆ కూతకి రంగు సరిగ్గా చూడలేకపోతున్నానని. మూడునెలలుగా ఎవరికీ చెప్పుకోలేక చచ్చిపోతున్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రూయిట్ వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలని అనిపించలేదు.

కాసేపటికి గేజా అతని భుజం పట్టుకుని లేచాడు. కొలిమి ఆపే వేళయింది, వాయుసేన వాళ్ళు నాలుగింటికి వస్తారు. నిచ్చెన దగ్గర ఆగి, వెనక్కి చూశాడు.

"గూఢచారిగా నువ్వు ఎలాంటివాడివో నాకు తెలీదబ్బాయ్" అన్నాడు. "మీటర్ల పని మాత్రం మళ్ళీ ముట్టుకోకు."