మూడో గుండీ

సోషల్ టీచర్‌కీ లిఫ్ట్ మెకానిక్‌కీ పరిచయం రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్యన జరిగింది. మామూలు ప్రేమకథల్లో హీరో హీరోయిన్‌కి లిఫ్ట్ ఇస్తాడు. ఇక్కడ హీరోయిన్ లిఫ్ట్‌లో ఇరుక్కుంటే హీరో వచ్చి తలుపు తీశాడు.

ఆ రోజు పాఠం జనసాంద్రత. 'చదరపు కిలోమీటరుకు ఇంతమంది' అనగానే ఏడో తరగతి మొత్తం ఆవలించింది. పట్టుదల గల టీచర్ కాబట్టి పిల్లల్ని బడి పక్కనున్న లైబ్రరీ లిఫ్ట్ దగ్గరికి నడిపించింది.

"ముందు నలుగురు ఎక్కండి. ఇది తక్కువ సాంద్రత. ఇంకో నలుగురు రండి. ఇప్పుడు పెరిగిందా?"

మిగతావాళ్లు పిలవకుండానే దూరారు. ఎవరో మీట నొక్కారు. పాఠం పిల్లలకు బాగా ఎక్కింది, పిల్లలు లిఫ్ట్‌లోకి ఇంకా బాగా ఎక్కారు, లిఫ్ట్ మాత్రం రెండున్నరో అంతస్తు దాటి ఎక్కనంది.

అరగంటకి తలుపు సందులోంచి ఒక టార్చ్‌లైటు, దాని వెనక ఒక మొహం కనిపించాయి.

"లోపల ఎంతమందండీ?"

"పద్నాలుగు."

"ఎనిమిదికి మించొద్దని బోర్డుంది కదా?"

"పదమూడు మంది పిల్లలేనండీ. సగం సగం లెక్కేసుకోండి."

"లిఫ్ట్‌కి బరువు తెలుస్తుంది గానీ వయసు తెలీదండీ. మీరేం టీచరు?"

"సోషల్."

"బతికించారు. లెక్కల టీచరేమో అని భయపడ్డా."

క్లాసులో 'డౌట్ల డబ్బా' అని పేరుపడ్డ పిల్ల ఆ చీకట్లోనే చెయ్యెత్తింది. "టీచర్, ఈ అంకుల్ కూడా లోపలికొస్తే సాంద్రత పెరుగుతుందా?"

"ముందు ఆ అంకుల్ అనడం ఆపితే తలుపు తీస్తా" అన్నాడు ఇరవై ఎనిమిదేళ్ల మెకానిక్, చాలా నొచ్చుకుని.

తలుపు తెరుచుకుంది. అందరూ బయటపడ్డారు. బయటపడనిది ఒక్కటే, అతని మనసు. తలుపులు బాగుచేసే మనిషికి ఆ రోజునుంచీ తలపులే బాగుండలేదు.

కింద లైబ్రరీలో చదరంగం బల్ల ముందేసుకుని తోడు కోసం చూసే రిటైర్డ్ పోస్ట్‌మాన్ ఒకాయన ఉన్నాడు. టీచర్‌కి నాన్న. కూతురిని విడిపించినవాణ్ణి ఊరికే పోనిస్తాడా? "చదరంగం వచ్చా?" అని అడిగాడు.

"వచ్చండీ" అన్నాడు మెకానిక్.

అలా మొదలై, ఏడాదిగా రోజూ సాయంత్రం ఏడింటికి వాళ్లింటికొచ్చి ఓడిపోతున్నాడు. ఎత్తడం వృత్తిగా గలవాడికి ఎత్తు వేయడం రాదని టీచర్ నవ్వుకునేది. టీ తెచ్చి బల్ల పక్కన పెట్టేది. అతను రాజు పోతున్నా చూసుకోకుండా కప్పు వంకే చూసేవాడు. కప్పు వంకేనని ఆమె అనుకునేది.

ఈ ఏడాది పాఠం జనాభా, వలసలు. లిఫ్ట్ జోలికి పోనని హెడ్‌మిస్ట్రెస్‌కి రాసిచ్చింది కాబట్టి ఈసారి టీచర్ గోడంత అట్టమీద బడి చుట్టూ ఉన్న ఆరు వీధుల పటం గీయించింది. సందు చివరి టైలర్ గుండీల డబ్బా ఇచ్చాడు. మనిషికో గుండీ. ఇక్కడే పుట్టినవాళ్లకు తెల్లది, వేరేచోటి నుంచి వచ్చినవాళ్లకు ఎర్రది.

"సాయంత్రం ఏడు గంటలకు ఇంటింటికీ వెళ్లండి. ఆ టైముకి ఇంట్లో ఎవరుంటే వాళ్లందర్నీ రాసుకోండి. ఎక్కణ్ణుంచొచ్చారు, ఎందుకొచ్చారు, ఎన్నాళ్లుంటారు, అన్నీ అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయాలి. సొంత తెలివి వద్దు."

వారం తిరిగేసరికి పటం నిండింది. మార్కెట్ వీధిలో గుండీ మీద గుండీ, పెద్ద బంగళా ముందు రెండే రెండు. మెకానిక్ అద్దెకున్న ఇంటి ఓనరమ్మకి మనవరాలు పుడితే పిల్లలు పరుగున వచ్చి తెల్ల గుండీ కుట్టారు. అన్నిటికన్నా వాళ్లని ఆశ్చర్యపరిచింది ఎరుపు.

"టీచర్, సగానికి పైగా ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్లే! మరి ఇది ఎవరి ఊరు?"

"ఉండిపోయినవాళ్లది" అంది టీచర్. ఆ మాట తనకి తిరిగి తగులుతుందని అప్పటికి తెలీదు.

గురువారం సాయంత్రం వాన. ఆట ముగిసింది, మెకానిక్ ఎప్పట్లాగే ఓడాడు, గొడుగు లేక వరండాలో ఆగిపోయాడు. టీచర్ తువ్వాలు తెచ్చిచ్చింది.

"కంపెనీవాళ్లు వేరే ఊరు పొమ్మంటున్నారు టీచర్ గారూ. అక్కడ పదిమంది మీద పెద్దని చేస్తారట. వద్దంటే ఇక్కడే ఈ పాత లిఫ్టులు చూసుకోవచ్చు. శనివారం సాయంత్రంలోగా చెప్పాలి."

ఆమెకి లోపలెక్కడో తాడు తెగిన లిఫ్ట్‌లా ఏదో జారింది. నోరు మాత్రం పాఠం చెప్పింది. "వెళ్లాలి కదండీ మరి. అవకాశాలున్న చోటికే జనం వెళ్తారు. అదే వలస."

"పుస్తకంలో అంతే ఉందా?"

"అంతే ఉంది."

అతను తువ్వాలు మడిచి ఆమె చేతికిచ్చి, పూర్తిగా తగ్గని వానలోకి దిగిపోయాడు. 'ఉండిపొండి' అనడానికి తనకేం హక్కుందని ఆమె, 'ఉండిపో' అని ఒక్కరూ అనలేదని అతను. ఇద్దరి మధ్యా వాన ఒక్కటే దాపరికం లేకుండా పడింది.

శుక్రవారం ఏడింటికి అతను రాలేదు. నాన్న రెండు వైపులా పావులు పేర్చుకుని ఎనిమిదిదాకా కూర్చున్నాడు.

శనివారం పొద్దున, ప్రదర్శనకి ముందు, టీచర్ పటాన్ని ఒకసారి సరిచూస్తోంది. వాళ్ల వీధి, వాళ్ల ఇల్లు. ఇంట్లో మూడు గుండీలు.

చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో ఉండేది ఇద్దరు. అమ్మ పోయి రెండేళ్లయింది. ఎవరడిగినా నాన్నకి 'ముగ్గురం' అనడం అలవాటు, 'ఇద్దరం' అనడానికి ఇంకా నోరు రాలేదేమో. కళ్లు చెమ్మగిల్లాయి. తుడుచుకుని మళ్లీ చూసింది. అమ్మ ఇక్కడే పుట్టింది, అమ్మదైతే తెల్లగా ఉండాలి. మూడోది ఎర్రగా ఉంది.

"మా ఇంటికి వెళ్లిందెవరు?"

డౌట్ల డబ్బా లేచింది. "నేనే టీచర్. బుధవారం. మీరు బళ్లో పటం అంటిస్తున్నారు. తాతగారు, లిఫ్ట్ అంకుల్ ఆడుకుంటున్నారు."

"ఆయన మా ఇంట్లో మనిషి కాదే! ఆయన్ని అద్దె గది లెక్కలో ఓనరమ్మ రాయించింది కదా?"

"ఏడింటికి ఎవరుంటే వాళ్లని రాయమన్నారుగా టీచర్. సొంత తెలివి వద్దన్నారు. తాతగార్ని అడిగితే 'రాసుకోమ్మా, రోజూ ఉంటాడు' అన్నారు." ఆ పిల్ల కాగితం తీసింది. "మీరే ఒకటి చెప్పాలి. ఈ అంకుల్‌ది ఒక జవాబు మిగిలిపోయింది."

టీచర్ చదివింది. ఎందుకొచ్చారు? 'ఉద్యోగానికి.' ఎన్నాళ్లుంటారు? అక్కడ గుండ్రటి అక్షరాలతో చెప్పింది చెప్పినట్టు రాసి ఉంది: 'అది మీ టీచర్‌ని అడగాలి.'

"అందుకే అడుగుతున్నా టీచర్. ఎన్నాళ్లుంటారు?"

బుధవారం. అంటే వానకి ముందురోజే అతను అడిగాడు. గురువారం మళ్లీ అడిగాడు. తను పుస్తకం చదివి వినిపించింది.

మధ్యాహ్నం ఇంటికెళ్లి నాన్న ముందు కాగితం పెట్టింది. ఆయన కళ్లజోడు కూడా పెట్టుకోలేదు.

"ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచానమ్మలూ. కవరు చూస్తే లోపలేముందో తెలుస్తుంది. ఏడాదిపాటు రోజూ ఓడిపోయేవాడు చదరంగం కోసం వస్తాడా?"

"మరి నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"ఎవరి ఉత్తరం వాళ్లే విప్పుకోవాలి. ఇంకో సంగతి గమనించావా? ఈ వీధిలో చిన్నా పెద్దా అందరూ నన్ను బాబాయ్ అంటారు. వీడొక్కడే ఏడాదిగా నోరు కట్టుకుని 'సార్, సార్' అంటున్నాడు. బాబాయ్ అంటే నువ్వేమవుతావో వాడికి తెలుసు."

టీచర్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, గుమ్మంలో ఇరుక్కున్నట్టు రెండూ ఆగిపోయాయి.

సాయంత్రం బళ్లో ప్రదర్శన. మెకానిక్ వచ్చాడు, పిల్లలకి చెప్పి వెళ్దామని. చేతిలో ఫోను, కంపెనీకి చెప్పాల్సిన మాట ఇంకా గొంతులోనే ఉంది. డౌట్ల డబ్బా చొక్కా పట్టి పటం దగ్గరికి లాక్కెళ్లింది.

"అంకుల్, మీరు రెండుచోట్ల ఉన్నారు. ఇక్కడా, ఇక్కడా. ఒక మనిషిని రెండుసార్లు లెక్కపెట్టకూడదు. ఒకటి తీసెయ్యాలి."

అతను రెండో ఇల్లు చూశాడు. తెల్లది, తెల్లది, ఎర్రది. ఎర్రదాని మీద వేలు పెట్టాడు. "ఇది మీ టీచర్ చూశారా?"

"చూశాను" అంది వెనకనుంచి టీచర్. ఆమె చేతిలో చిన్న కత్తెర ఉంది. "మొన్న మీకు పాఠం సగమే చెప్పాను. అవకాశాల కోసం వెళ్లేవాళ్లు సగమే. మిగతావాళ్లు మనుషుల కోసం కదుల్తారు. మనుషుల కోసం ఆగిపోతారు కూడా. అది పుస్తకంలో లేదు. నాకు తెలుసు, అయినా చెప్పలేదు."

"ఇప్పుడు చెబుతున్నారా?"

"చెబుతున్నా. ఉండండి. ఏ గుండీ తీయాలో మాత్రం మీ ఇష్టం. అది నేను చెప్పకూడదు."

కత్తెర అతని చేతికిచ్చింది. వేళ్లు తగిలాయి. లిఫ్టుల బరువులు చూసే మనిషికి ఆ కాస్త గుండీ బరువు తెలిసింది. గుండె బరువని చదువుకున్నా తప్పులేదు.

అతను ఓనరమ్మ ఇంటిమీద దారం తెంపాడు.

"అయ్యో, నా గది ఖాళీనా?" అని ఓనరమ్మ గొల్లుమంది.

"ఇప్పుడే కాదులెండి" అన్నాడు నాన్న జనంలోంచి ముందుకొస్తూ. పటాన్ని పరీక్షగా చూశాడు. "ఏమ్మా డౌట్లూ, ఆ ఎర్రదాన్ని పెళ్లయ్యేదాకా కొంచెం బయటికి జరిపి వరండాలో కుట్టండి. తర్వాత లోపలికి తెద్దాం."

పిల్లలంతా హోరుమన్నారు. మెకానిక్ ఫోను తీసి కంపెనీకి ఒకే మాట చెప్పాడు. డౌట్ల డబ్బా కాగితం టీచర్ ముందు పెట్టి నిలబడింది, మిగిలిపోయిన గడి నింపేదాకా కదల్లేదు. టీచర్ పెన్సిల్‌తో కాదు, పెన్నుతో రాసింది. పిల్ల చదివి, తల ఊపి, టిక్కు పెట్టింది.

ఆ సాయంత్రం ఏడింటికి చదరంగం బల్ల మళ్లీ వరండాలోకొచ్చింది. టీచర్ టీ తెచ్చి పెట్టింది. మెకానిక్ ఈసారి కప్పు వంక చూడలేదు, ఆమె వంక చూశాడు, తర్వాత బల్ల వంక చూశాడు. పదకొండు ఎత్తుల్లో నాన్న రాజు మూలకి చేరాడు.

"చెక్, మామయ్యా."

నాన్న తలెత్తాడు. "ఏమన్నావ్?"

"చెక్ అన్నానండీ."

"అది వినబడింది. దాని తర్వాతది మళ్లీ అను."