బొట్టు లేని తాళం

ఉదయం తొమ్మిదిన్నర. జమ్మికుంట దాటాక వచ్చే ఒక ఊరి హైస్కూలు. దసరా సెలవులు ముగిసిన మొదటి రోజు.

కంప్యూటర్ గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఒక్క ల్యాప్‌టాప్ లేదు. పగిలిన తాళం గడప ముందు పడి ఉంది.

"ఎవడు పలగ్గొట్టినా జిమ్మేదారి నవనీత టీచర్‌దే మేడం," హెడ్మాస్టర్ సదానందం అందుకున్నాడు. "ల్యాప్‌టాప్‌ల గ్రాంటు ఆమె పేరు మీదనే వచ్చింది. అవి ఇచ్చిన ట్రస్టోళ్లకు ఫోన్ చేసిన. ప్రాజెక్టు ఆపేస్తమన్నరు. సస్పెన్షన్‌కు గూడ రాసిన."

"అప్పుడేనా సార్?" ఎస్సై మమతారాణికి ఒళ్లు మండింది. వరండాలో పిల్లలు బిక్కమొహాలేసుకుని నిలబడ్డారు.

నవనీత ఏడవడం లేదు. కోపంతో గొంతు పెంచింది. "రెండేండ్లు కాళ్లరిగేటట్టు తిరిగి తెచ్చిన, మేడం!"

"తాళంచెవులు ఎవరి దగ్గరున్నయి?"

"నా దగ్గరొకటి. సార్ దగ్గరొకటి."

మమతారాణి చుట్టూ చూసింది. బడిగంటకు పసుపు, కుంకుమ. కిటికీ ఊచలకు బొట్లు. బోరింగుకూ బొట్టే.

"ఇవన్నీ ఎవరు పెట్టిండ్రు?"

"నేనే బిడ్డా, దసరా నాడు," స్వీపర్ ఐలవ్వ ముందుకొచ్చింది. "గీ బడే గదా నాకు బువ్వ పెడ్తుంది."

"ఈ గది తాళానికి?"

"పెట్టకుంటెట్ల? నిండుగ పెట్టిన."

మమతారాణి పగిలిన తాళాన్ని తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా పసుపు జాడ లేదు. నవనీత దగ్గరున్న తాళంచెవి తీసుకుని అందులో దూర్చింది. దూరలేదు.

"ఇది బడి తాళమే కాదు. అసలు తాళాన్ని దాని చెవితోనే తీసిండ్రు. పదండి, ఇద్దరి ఇండ్లూ చూద్దాం."

నవనీత ఇంట్లో ఏమీ దొరకలేదు. సదానందం ఇంటి వెనక పత్తి గోదాం ఉంది. దాని తాళం మీద ఎండిన పసుపు, కుంకుమ.

"మా ఇంట్ల గూడ దసరా చేసుకున్నం మేడం," సదానందం తాళానికి అడ్డంగా జరిగాడు.

"నీ తాళంచెవి పెట్టు, టీచర్."

నవనీత తిప్పింది. తాళం టక్కున ఊడింది. పత్తి బోరాల వెనక ల్యాప్‌టాప్‌లన్నీ ఉన్నాయి.

"ఏదో పాత తాళం పలగ్గొట్టి అక్కడ పడేసినవ్. బడి తాళం గట్టిగుందని ఇంటికి తెచ్చుకున్నవ్," మమతారాణి నోట 'సార్' పోయింది. "ఎందుకు జేసినవ్?"

"హెడ్మాస్టర్‌ను నేనుండంగ ఆమె పేరు మీద గ్రాంటా?"

"థూ! పోరగాండ్ల నోటికాడి బువ్వ గుంజుకున్నవ్ గదయ్యా!" అందరితోపాటు వచ్చిన ఐలవ్వ అరిచింది.

వెంట వచ్చిన పిల్లలు గేటు దగ్గర గుంపు కట్టారు. నవనీత వాళ్లను లోపలికి పిలిచి, తన ఫోన్ సదానందం చేతిలో పెట్టింది.

"ట్రస్టోళ్లకు ఫోన్ చెయ్యండ్రి. ఎవరు దొంగో మీ నోటితోనే చెప్పుండ్రి. స్పీకర్ పెట్టుండ్రి సార్, మా పిల్లలు గూడ వినాలె."